తూటా ఆపీవోడుంటే మేమేల ఎల్లినాం?

పోయిన జూన్‌లో మా పేట కుర్రాళ్లు నలుగురు ఒక సెల్‌ఫోనూ ఒక ఎక్సర్‌సైజు పుస్తకమూ పట్టుకుని మా ఇంటికొచ్చేరు. జూలై 14 దగ్గరకొస్తోంది, బీల కాల్పుల మీద పది నిమిషాల సినిమా తీస్తాం, కథ రాసుకున్నాం, మీరొకసారి సరిచూడండి అన్నారు. కథలు రాసుకునేవాళ్లం కాబట్టి మాకు సంతోషమే. పుస్తకం అందుకుని చదివేం.

కథ ఇదీ. సోంపేట బీలలో చేపలు పట్టుకునే ఒక కుర్రాడికి ఒక రాత్రి నీళ్లలో నీలం రాయి దొరుకుతుంది. దాన్ని మొలతాడుకి కట్టుకోగానే వంటికి ఎక్కడలేని బలమూ వచ్చేస్తుంది. తెల్లారి పోలీసులు జనం మీద కాల్పులు మొదలెడతారు. వాడు గాల్లోకి లేచి తూటాలన్నిటినీ అరచేత్తో ఆపేస్తాడు. ఎవరూ చావరు. కంపెనీ జీపులు గింగిరాలు తిరిగి సముద్రంలో పడతాయి. జనం చప్పట్లు కొడతారు. శుభం.

రాత గుండ్రంగా ముచ్చటగా ఉంది. పక్కనే పెన్సిలు బొమ్మలు కూడా వేసేరు. అయితే రెండో పేజీలో ఒక సంగతి మా కంటికి అడ్డం పడింది. హీరో ఇల్లు ఊరి మధ్య, రామమందిరం వీధిలో, డాబా మీద. ఓరి గుంటడా, బీలలో చేపలు పట్టుకునీవోడికి రామమందిరం వీధిలో డాబా ఏటిరా అని అడిగేం. అందులో చిన్నవాడు, తొమ్మిదో తరగతివాడు, ఏమాత్రం ఆలోచించకుండా చెప్పేడు: "మన పేటలో ఉన్నాడంటే హీరోలాగ ఉండదు మావా."

మిగతా ముగ్గురూ తలూపేరు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం రాస్తున్నాం.

దూరం ఊళ్లవాళ్లకు సంగతి తెలియాలి కాబట్టి ముందు రెండు ముక్కలు. సోంపేట దగ్గర బీల అంటే ఏడాది పొడుగునా నీరు నిలిచే తడినేల. చేప, తుంగ, పశువుల మేత, వరికి నీరు, అన్నీ దాన్నుంచే. 2008లో ప్రభుత్వం దాన్ని థర్మల్ విద్యుత్ కంపెనీకి కట్టబెట్టింది. కాగితాల మీద అది పనికిరాని నేల అయిపోయింది. (మేము ముప్పై ఏళ్లుగా కథలు రాస్తున్నాం గానీ నీళ్లూ చేపలూ కొంగలూ ఉన్న చోటుని బంజరు అని రాసిన ఆ చేతి ముందు మా కల్పన ఏ మూలకి?) రైతులూ మత్స్యకారులూ కూలీలూ కలిసి లేచేరు. నిరాహార దీక్షలు నడిచేయి. 2010 జూలై 14న పోలీసులు కాల్చేరు. మనవాళ్ల ప్రాణాలు పోయేయి. అదే రోజున ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కంపెనీకిచ్చిన అనుమతిని కొట్టేసింది. మరుసటేడు 2011 ఫిబ్రవరి 28న, ఇక్కడికి దక్షిణాన సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో ఇంకో థర్మల్ కోసం మళ్లీ కాల్పులు. సోంపేటకి మాత్రం ఆ థర్మల్ రాలేదు. బీల బీలగానే ఉంది.

ఇప్పుడు ఆ కుర్రాళ్ల సినిమా దగ్గరికి వద్దాం. వాళ్లని తిట్టడానికి మేము కూర్చోలేదు. ఎగిరే మనుషుల సినిమాలంటే మాకూ ఇష్టమే. కూలికెళ్లి వచ్చిన మనిషి రాత్రి రెండు గంటలు వంటి నొప్పులు మరిచిపోయే సినిమాని "ప్రజల్ని మత్తులో ముంచేది" అని ఒక్క ముక్కలో కొట్టిపారేసే వ్యాసాలు మన పత్రికల్లోనే చాలా వచ్చేయి. మేమూ అలాంటివి రాసేం. ఇప్పుడు చదివితే అవి రాసినవాడెవడూ ఆ సినిమా చూడలేదని తెలిసిపోతుంది. స్పైడర్‌మాన్ పిల్లలకి ఎందుకు నచ్చుతాడు? 2004లో వచ్చిన రెండో సినిమాలో వాడు గది అద్దె కట్టలేక ఇంటి ఓనరు దగ్గర తలొంచుకు నిలబడతాడు. పిజ్జాలు మోస్తాడు, ఆలస్యమైందని పనిలోంచి తీసేస్తారు. హైదరాబాదులో ఫుడ్ డెలివరీకి పోయిన మా ఉద్దానం పిల్లలకి వాడు చుట్టం కాక ఇంకేమవుతాడు?

మా గొడవ ఎగరడం గురించి కాదు. బలం ఎక్కడినుంచి వస్తోంది, ఎవరికి వస్తోంది, వచ్చేక ఊళ్లో మిగతావాళ్లేం చేస్తున్నారు, అదీ మా గొడవ.

1980లో ఎన్.టి. రామారావు గారు 'సూపర్ మేన్' అనే తెలుగు సినిమాలో నటించేరు. అందులో హీరోకి బలం ఆంజనేయుడిచ్చిన వరం. నలభై నాలుగేళ్ల తరవాత, 2024 సంక్రాంతికి 'హను-మాన్' వచ్చింది. అంజనాద్రి అనే ఊరు, చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడు, ఊరిని పీక్కుతినే పెత్తందారు. మొదటి సగం చూస్తుంటే మన ఊరి కథలాగే ఉంటుంది. తరవాత కుర్రాడికి నీళ్లలో ఒక మణి దొరుకుతుంది. అది దేవుడి రక్తపుబొట్టు గట్టిపడి అయిన మణి. మా కుర్రాళ్ల నీలం రాయి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

రక్తం. పుట్టుక. వరం. ఈ మూడు మాటలూ మనకి కొత్తవి కావు. నీ బలం నీ రక్తంలో ఉంది, నీ పుట్టుకలో ఉంది, పైవాడు ఇస్తేనే ఉంది అని మూడు వేల ఏళ్లుగా మనకి చెబుతూనే ఉన్నారు. దాన్ని చెప్పినవాళ్లు రబ్బరు అంగీ తొడుక్కోలేదు, అంతే తేడా. వరం లేకుండా, గురువు లేకుండా, తనంతట తాను నేర్చుకున్నవాడి కథ కూడా మనకొకటి ఉంది. వాడు తన చేతుల్తో మట్టి పిసికి గురువు బొమ్మ చేసుకున్నాడు. ఆ బొమ్మ ముందు రేయింబవళ్లు బాణం సాధన చేసేడు. వాడి బొటనవేలు కోయించేరు. ఏకలవ్యుడి కథలో అందరమూ వేలు గురించే మాట్లాడతాం గానీ కథలు రాసేవాళ్లకి ఆ మట్టిబొమ్మ ముఖ్యం. నేర్చుకోడానికి కావలసింది తానే తయారుచేసుకున్నాడు వాడు.

అమెరికా ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. ఎగిరే వీరుల తాత సూపర్‌మాన్. అతన్ని పుట్టించినవాళ్లు క్లీవ్‌లాండ్ ఊళ్లో ఉండే ఇద్దరు యూదు కుర్రాళ్లు, వలస వచ్చిన కుటుంబాల పిల్లలు. ఒకడు జెర్రీ సీగెల్, కథ రాసేడు. ఇంకొకడు జో షూస్టర్, బొమ్మలు వేసేడు. 1938లో సూపర్‌మాన్ మీద సర్వహక్కులూ 130 డాలర్లకి కంపెనీకి రాసిచ్చేసేరు. ఆ బొమ్మ మీద కంపెనీ కోట్లకి కోట్లు గడించింది. వీళ్లు కోర్టుల చుట్టూ తిరిగేరు. షూస్టర్‌కి చూపు మందగించింది. పెద్ద సినిమా తయారవుతున్నప్పుడు, 1975లో, సిగ్గుపడి ఏడాదికి ఇంత అని భత్యం ఇచ్చి పేర్లు వెయ్యడానికి ఒప్పుకున్నారు. బాట్‌మాన్ సంగతి ఇంకా అన్యాయం. 1939లో ఆ వీరుడి కథనీ వేషాన్నీ తీర్చిదిద్దినవాళ్లలో బిల్ ఫింగర్ ఒకడు. అతను 1974లో పోయేడు. అతని పేరు అధికారికంగా తెర మీదకి రావడం మొదలైంది 2015లో. తూటాలకి తగలని వీరుణ్ని రాసినవాళ్లని ఒక కాగితం ముక్క పడగొట్టేసింది. వేలిముద్ర వేయించుకుని భూమి రాయించుకున్న షావుకారి నోటు మన తాతలకి తెలుసు. ఇదీ అలాంటి నోటే.

బాట్‌మాన్ అంటే గబ్బిలం మనిషి. కోటీశ్వరుడు. పగలు సూటు, రాత్రి గబ్బిలం ముసుగు. అతని బలం అంతా డబ్బు. అమెరికాలో ఆ గబ్బిలం పుట్టిన రెండేళ్లకే, 1941లో, గుర్రం జాషువా 'గబ్బిలం' కావ్యం తెచ్చేడు. ఈ గబ్బిలం ఎవరి తరఫున ఎగిరింది? కడుపు నిండని, గుడి మెట్టు ఎక్కనివ్వని అరుంధతీ సుతుడి తరఫున. అతని గోడు మోసుకుని కాశీకి పోయింది. మనిషికి పనికిరాని గుడిలో గబ్బిలం తలకిందులుగా వేలాడొచ్చు. ఆ ఒక్క చూపులో ఎంత కోపం ఉందో చూడండి. మన పిల్లలకి ఆ గబ్బిలం తెలుసు, ఈ గబ్బిలం తెలియదు. తప్పు పిల్లలది కాదు. జాషువా జయంతికి దండ వేసి ఉపన్యాసం చెప్పి టీ తాగి వచ్చేసే మనది.

నల్లవాళ్లు కూడా తమ వీరుణ్ని తెర మీదకి తెచ్చుకున్నారు. బ్లాక్ పాంథర్ బొమ్మల పుస్తకంలోకి వచ్చింది 1966లో. అదే ఏడు అక్టోబరులో ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. ఆ పార్టీని చూసే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే మొదలైనవాళ్లు దళిత పాంథర్లు పెట్టేరు. వాళ్లందరూ కవులూ రచయితలే అని మరిచిపోకూడదు. 2018లో సినిమా వచ్చినప్పుడు నల్ల పిల్లలు అద్దంలో తమ ముఖం చూసుకుని మురిసిపోయేరట. మంచిదే. కానీ ఆ సినిమాలోనూ హీరో రాజు. రాజు కొడుకు. మళ్లీ రక్తమే.

ఈ మధ్య చూసినవాటిలో మాకు నిద్రపట్టనివ్వని సినిమా ఒకటుంది. మలయాళంది, 2021 డిసెంబరులో వచ్చింది, 'మిన్నల్ మురళి'. తెలుగులోనూ ఉంది, ఫోనులో చూసేం. ఒక చిన్న ఊరు. ఒకే రాత్రి ఇద్దరి మీద పిడుగు పడుతుంది. ఒకడు దర్జీ. ఇంకొకడు టీ కొట్లో పనోడు, పేరు షిబు, ఊరంతా పిచ్చోడని నవ్వేవాడు. ఇద్దరికీ ఒకటే బలం వస్తుంది. దర్జీ హీరో అవుతాడు, షిబు విలన్ అవుతాడు. ఎందుకయ్యా అంటే, దర్జీకి ఇల్లుంది, అతన్ని పేరు పెట్టి పిలిచే జనం ఉన్నారు. షిబు ఇంటికి చివరికి ఊరు నిప్పు పెడుతుంది. అతనికి మిగిలిన ఒక్క మనిషీ ఆ మంటల్లో పోతుంది. తరవాత వాడు ఊరి మీద పడతాడు, హీరో వాణ్ని చంపుతాడు, అందరం ఊపిరి పీల్చుకుంటాం. మేము మాత్రం పీల్చుకోలేకపోయేం. ఇళ్లకి నిప్పు పెట్టే ఊళ్లు మనం చూసినవే. ఆ సినిమా తీసినవాళ్లు షిబు మీద ప్రేమతోనే తీసేరు, ఆ నటుడి కళ్లు చూస్తే తెలుస్తుంది. అయినా ఊరిని రక్షించే పని దర్జీకి ఇచ్చి, చచ్చే పని వీడికే ఇచ్చేరు.

2025లో వచ్చిన 'కొత్త లోక' ఇంకో అడుగు వేసింది. కేరళ పాత కథల్లో నీలి అంటే మగవాళ్లని పీల్చి చంపే యక్షి. ఈ సినిమా ఆమెని అడవి జనం పిల్లని చేసి, గుడి పేరు మీద రాజు తన జనాన్ని చంపిస్తే తిరగబడినదిగా చూపించింది. దెయ్యం అన్నదాన్ని మనిషిగా రాసుకోవడం అంటే అదీ. మన ఊరి చివర చింతచెట్టు మీద కూర్చోబెట్టిన దెయ్యాలు ఎవరి ఆడపిల్లలో, ఎలా చచ్చిపోయేరో ఎవరైనా అడిగి రాస్తే బాగుణ్ను.

ఇంతకీ మా కుర్రాడు అన్నమాట. "పేటలో ఉన్నాడంటే హీరోలాగ ఉండదు." ఆ రాత్రి మేము మా పాత కథల కట్ట దించేం. ఇరవై ఏళ్ల వయసులో రాసిన మొదటి పది కథలు. ఒక్క కథలో కూడా పేట లేదు. "అదొక గ్రామం. ఆ గ్రామంలో ఒక యువకుడు." యువకుడి ఇంటి ముందు తులసికోట ఉంది. మా ఇంటి ముందు ఎప్పుడైనా తులసికోట ఉందా? వాళ్లమ్మ కాఫీ ఇస్తుంది. మా అమ్మ గంజి పోసేది. అచ్చులో చూసుకోవాలంటే అలా రాయాలనుకున్నాం. ఎవరూ చెప్పలేదు, మేమే అనుకున్నాం. అంటే కుర్రాడు కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు, మా దగ్గర నేర్చుకున్నాడు.

ఈ జిల్లా కథలకి పేరున్న జిల్లా. కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' అరవైల నాటిది. అప్పల్రాముడి అప్పు లెక్క తేల్చే పంచాయతీ, చివర సీతారాముడు తన బిడ్డ ఇంకొకరి పాలేరు కాకూడదని కత్తి ఎత్తడం, చదివినవాడెవడూ మరిచిపోడు. ఆ కథలోకి పైనుంచి ఎవడూ దిగలేదు. దిగి ఉంటే మనకి ఆ కథ ఉండేది కాదు. ఆ మాస్టారే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చేరు. ఆ బీరువాల్లో పేట మనుషులు తామే రాసుకున్న కథలు ఎన్నున్నాయో వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇక మరునాడు ఏం జరిగిందో చెబుతాం. కుర్రాళ్లని తీసుకుని పేటలోనే ఒక ముసలమ్మ దగ్గరికి వెళ్లేం. 2010 జూలై 14 పొద్దున్న ఆమె బీల గట్టు మీద ఉంది. పేరు రాయం, రాయొద్దని ఆమే అంది. కుర్రాళ్లు ఉత్సాహంగా కథ చెప్పేరు. నీలం రాయి, ఎగరడం, తూటాలు. ఆమె వక్క నములుతూ చివరిదాకా వింది.

"బాగుందిరా గుంటలూ. నాకో మాట సెప్పండి. తూటా ఆపీవోడు ఆ పొద్దు ఉంటే మరి మేమేల ఎల్లినాం?"

కుర్రాళ్లకి వెంటనే అర్థం కాలేదు. ఆమే మళ్లీ అంది. "ఆపీవోడు నేడని తెలిసే ఎల్లినాం. అదే కదేటి సంగతి."

పెద్ద కుర్రాడు తగ్గలేదు. "కాదు మామ్మా, సినిమాలో ఎవులూ చచ్చిపోకండా ఉంటే బాగుంటాదని." ఈ మాటకి మేము కూడా కాసేపు నోరెత్తలేకపోయేం. నిజమే. చచ్చిపోయినవాళ్లని బతికించుకోవాలనే కదా వాడు నీలం రాయి రాసుకున్నాడు. ఆ కోరిక తప్పంటే మేమొప్పుకోం. కథ అనేది పుట్టిందే అందుకు. కానీ అందరినీ బతికించే ఒక్కణ్ని తెస్తే, ఆ గట్టు మీద నిలబడ్డ వందలమంది ఆడవాళ్లు చప్పట్లు కొట్టే జనం అయిపోతారు. ఇప్పటికే అలా అవుతున్నారు. ఏటా జూలై 14న మైకులో వినబడే పేర్లు లెక్కపెట్టండి. అందులో ఆడవాళ్లెందరు, పేటవాళ్లెందరు?

ఇది కొత్త జబ్బు కాదు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో మందస జమీందారు మీద తిరగబడ్డ రైతుల మీద పోలీసులు కాల్చేరు. గున్నమ్మ ఎదురు నిలబడి చచ్చిపోయింది. అప్పటికి కొద్దిరోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. గున్నమ్మకి విగ్రహం ఉంది, ఉండాలి కూడా. ఆవిడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

2012 జూన్ 12న, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపేరు. మడ్డువలస ప్రాజెక్టు కోసం తీసుకున్న భూమిలో మనవాళ్లు సేద్యం చేసుకోవడం గిట్టక. ఆ పొద్దున్న ఆకాశం ఖాళీగానే ఉంది. తరవాత జరిగినదంతా నేల మీద జరిగింది. శవాల దగ్గర కూర్చున్నారు, సాక్ష్యాలు చెప్పేరు, బెదిరిస్తే కూడా మాట మార్చకుండా నిలబడ్డారు, ఊరూరూ తిరిగి చందాలు పోగుచేసేరు. సినిమాకి పనికొచ్చే దృశ్యం ఒక్కటీ లేదు అందులో. కోర్టు వరండాలో టిఫిను డబ్బా విప్పుకుని ఎదురుచూసే మనిషిని ఏ కెమెరా తీస్తుంది? అది మనం రాయాల్సిన పని.

బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్ చెరువులో చేసిందేమిటి? వంగి దోసిలితో నీళ్లు తాగేరు. తాగి పక్కకి జరిగేరు, వెనకున్నవాళ్లూ తాగేరు. ఆ దోసిలికి మంత్రం లేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అని హెచ్చరించినవారూ ఆయనే. మనం ఆయన్నే ఫ్లెక్సీ మీద ఆకాశమంత చేసి, కింద మన ఫోటోలు వరసగా వేయించుకుంటున్నాం. ఎగిరే వీరుడి పోస్టరుకీ దానికీ తేడా ఏమిటో సంఘాలవాళ్లు కాస్త ఆలోచించాలి. ఫ్లెక్సీ డబ్బులతో ఎన్ని నోటుపుస్తకాలు వస్తాయో మేము లెక్క వేసేం. ఇక్కడ రాస్తే గొడవలైపోతాయి, అడిగితే చెబుతాం.

పేటలో కథ లేదని, కళ లేదని, హీరో లేడని అనుకునేవాళ్లు ఒకసారి పలాస జీడి బట్టీల్లో కూర్చోవాలి. పిక్కలు కొట్టే ఆడవాళ్లకి జీడిరసం తగిలి వేళ్లు నల్లబడతాయి, పొరలూడతాయి. గుండు పలుకు ఒకవైపు, బద్ద ఒకవైపు. చెయ్యి ఆగకూడదు, నోరు మాత్రం ఖాళీ. మా పిన్ని ఒకావిడ 'హను-మాన్' చూసొచ్చి అక్కడ మూడు రోజులు చెప్పింది. సినిమా రెండున్నర గంటలు. ఆవిడ చెప్పింది మూడు రోజులు! అందులో హీరో అక్క ఉంటుంది, పెళ్లిచీరలో కొబ్బరిగెల పట్టుకుని రౌడీల్ని బాదుతుంది. ఉద్దానం మనిషికి అంతకంటే ఏం కావాలి? మా పిన్ని కథలో అక్కే అసలు హీరో. సినిమాలో అక్క చచ్చిపోతుంది. పిన్ని చావనివ్వలేదు. మణి దొరికింది కూడా అక్కకే, అదీ దేవుడి రక్తం కాదు, ఎవరో జీడి తోటలో పారేసుకున్న ముక్కుపుడక రాయి. వినేవాళ్లు "అలగ నేదు కదే సినిమాల" అని అనలేదు. "ఆనక?" అన్నారు. చేతులు ఆగలేదు. ఆవిడకి చదువు రాదు. ఆవిడ చెప్పింది ఎక్కడా రాసి లేదు. ఆ బట్టీలో పోయింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరీ జీడీ పనసా వేళ్లతో సహా పడిపోయేయి. కరెంటు లేదు, నీళ్లు లేవు. ఎక్కడినుంచో ఒక జనరేటరు తెచ్చి బండి మీద పెట్టి వీధి వీధికీ తిప్పుతూ నీళ్లు తోడించింది మా పేట ఎలక్ట్రీషియను. పడిపోయిన కొబ్బరి దుంగల్తో గుంతల మీద దారి వేసేరు. పాత వలలు కప్పి రేకులెగిరిపోయిన ఇళ్లకి గుడ్డలు కట్టేరు. ఇదంతా తెలివి కాదా, కల్పన కాదా? కల్పన అంటే లేనిదాన్ని ఉన్నట్టు రాయడం ఒక్కటే కాదు గదా, లేనప్పుడు ఉన్నదాంతో నడిపించడం కూడాను.

రాయడానికి తీరికేదీ అంటారు. నిజమే. మేమూ కూలి రోజుల్లో రాత్రి పదింటి తరవాత, పిల్లలు పడుకున్నాక, బియ్యం డబ్బా మూత మీద పుస్తకం పెట్టుకుని రాసేం. వారానికి ఒక పేజీ వస్తే పండగ. డయాలసిస్‌కి చుట్టాన్ని తీసుకెళ్లి నాలుగు గంటలు బయట కూర్చున్నప్పుడు రాసిన కథ మాకు మేము రాసినవాటిలో మంచిది. ఉద్దానంలో అలా కూర్చునేవాళ్లు ఎందరో. ఒక్కొక్కళ్లూ ఒక్కో పుస్తకం. ఇప్పుడు చేతిలో ఫోనుంది. రాయడం రాకపోతే చెప్పండి, పిల్లలు రికార్డు చేస్తారు. చెప్పినవాళ్ల పేరు మాత్రం తప్పకుండా రాయాలి, వద్దంటే తప్ప. పేరు పోతే ఏమవుతుందో బిల్ ఫింగర్‌ని అడగండి.

తమిళంలో 'మావీరన్' అని ఒక సినిమా ఉంది, తెలుగులో 'మహావీరుడు'. అందులో కుర్రాడు పత్రికకి బొమ్మల కథ వేస్తాడు. పేరు మాత్రం వాడిది పడదు. వాడి పేటని ఖాళీ చేయించి, గోడలు పెచ్చులూడే అపార్టుమెంట్లలోకి తోస్తారు. వాడు తాను రాసిన వీరుడి గొంతు తానే వింటాడు. భయస్తుడు, ఎగరలేడు. రాసినవాడే, ఉంటున్న చోటులోనే, నిలబడాల్సి వస్తుంది. ఇది విడుదలైంది 2023 జూలై 14న. వాళ్లకి మన తేదీ తెలిసి ఉండదులెండి. ఈ సినిమాని మా కుర్రాళ్లకి చూపించేం.

తరవాత వారం రోజులు వాళ్లు కనబడలేదు. అలిగేరేమో అనుకున్నాం. ఆదివారం వచ్చేరు. నీలం రాయి తీసెయ్యలేదు. దాన్ని తీసెయ్యమని మేము కూడా అనలేదు. ఇప్పుడు కథలో చిన్నపిల్లాడు ఒకడు బీల గట్టు మీద నీలం రాయి పట్టుకుని నిలబడతాడు, ఎగరాలని చూస్తాడు, ఎగరలేడు. పక్కనుంచి ఆడవాళ్లు వాణ్ని దాటుకుంటూ ముందుకి పోతారు. ఒకామె వాణ్ని ఇంటికి పొమ్మని కసురుతుంది. వాడు రాయి ఆమె చేతిలో పెడతాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని నడుస్తుంది. హీరో ఇల్లు అన్నచోట డాబా కొట్టేసి, మా పేట రెండో వీధి, బోరింగు పక్క ఇల్లు అని రాసేరు. అది చిన్నవాడి ఇల్లే.

కొంగున ముడేసుకునే ఆమెగా ఎవరిని పెడదామని అడిగేరు. మళ్లీ ముసలమ్మ దగ్గరికే వెళ్లేం. మొదట ఒల్లనంది. నన్నెవులు సూత్తారు అంది. పక్కింటి కోడలు నవ్వితే దానిమీద కోప్పడింది. చివరికి ఎప్పుడు తీస్తార్రా అని అడిగింది. రేపు పొద్దున్న ఆరింటికి, ఎండెక్కకముందు అన్నాడు చిన్నవాడు.

"ఆరింటికి ఏటి," అంది. "ఆ పొద్దు మేము నాలుగింటికే లేసినాం."